‘తోచినట్టు వాయించడం’ కాదు: చార్లీ హేడెన్ గురించి ఒక లేఖ

సంపాదక మహోదయులకు,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో జాజ్ సంగీతం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా, రెండుసార్లు చదివాను. తెలుగు పత్రికల్లో ఆ సంగీతానికి ఒక పూర్తి పుట దక్కడం అరుదు కనుక ముందుగా మీకూ, వ్యాసకర్తకూ కృతజ్ఞతలు. అయితే 1959 తరవాత వచ్చిన ఫ్రీ జాజ్ గురించి రాసిన చివరి భాగంలో, అది ఎవరికి తోచినట్టు వారు వాయించే పద్ధతి అనీ, అందులో క్రమశిక్షణకు చోటు లేదనీ వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చివేశారు. ఆ పద్ధతికి ఆద్యుడైన ఆర్నెట్ కోల్మన్ పేరు వ్యాసంలో ఉంది, ఆయన పక్కన చిన్న ట్రంపెట్ ఊదిన డాన్ చెర్రీ పేరు కూడా ఉంది, కాని ఆ బృందంలో డబుల్ బేస్ వాయించిన చార్లీ హేడెన్ పేరు ఎక్కడా లేదు. ఆ తీర్పు అలా రావడానికీ, ఈ పేరు జారిపోవడానికీ సంబంధం ఉందని నా నమ్మకం. హేడెన్‌ను వినకుండా ఆ సంగీతాన్ని వింటే అది నిజంగానే తోచినట్టు వాయించినట్టు వినిపిస్తుంది. ఆయనను విన్న తరవాత ఆ మాట అనడం కష్టం.

ఈ విషయంలో నేను కలగజేసుకోవడానికి కారణం నా వృత్తి. ముప్ఫై ఏళ్ళకు పైగా గాత్ర కచేరీలకు వయొలిన్ పక్కవాద్యం వాయించాను, పిల్లలకు పాఠం చెప్పాను. జాజ్ నా చదువులో లేదు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఇంట్లో కొన్ని నెలలు ఉండవలసి వచ్చినప్పుడు, వాడు పెట్టిన పాటల్లో ఒకటి నన్ను చేస్తున్న పని ఆపి కూర్చునేలా చేసింది. పక్కవాద్యంలో బతికినవారి చెవి సహజంగా ముందు పాడేవారి మీద కంటే, వారి పక్కన కూర్చున్నవారి మీదకు పోతుంది. అందరూ సాక్సఫోన్ వింటున్న చోట నాకు అడుగున ఉన్న తీగల నాదం వినిపించింది. అప్పటి నుంచి ఆ నాదం ఎవరిదో తెలుసుకుంటూ వచ్చాను.

ఆ పాట ‘లోన్లీ వుమన్’. 1959 మే 22న హాలీవుడ్‌లో రికార్డు చేశారు. సాక్సఫోన్ మీద కోల్మన్, ట్రంపెట్ మీద చెర్రీ, డ్రమ్స్ మీద బిల్లీ హిగ్గిన్స్, బేస్ మీద ఇరవై ఒక్క ఏళ్ళ హేడెన్. పియానో లేదు. మొదట బేస్ ఒక్కటే వస్తుంది. ఒక తీగ మీద ఒకే స్వరం ఆగకుండా మోగుతూ ఉండగా పక్క తీగ మీద నెమ్మదిగా ఒక చిన్న సంచారం నడుస్తుంది. మన చెవికి అది తంబూరా మీద ఎవరో లోగొంతుతో ఆలాపన మొదలుపెట్టినట్టే ఉంటుంది. దాని మీద డ్రమ్స్ చాలా వేగంగా పరుగెత్తుతాయి. ఆ రెండింటితో పట్టింపు లేనట్టు సాక్సఫోనూ ట్రంపెటూ తాళానికి కట్టుబడకుండా, విలంబంగా, ఏడుపు గొంతుతో పాట ఎత్తుకుంటాయి. మూడు వేర్వేరు కాలాలు ఒకే చోట నడుస్తున్నా పాట చెదిరిపోదు. ఎందుకు చెదరలేదని వెతుక్కుంటూ పోతే చెవి మళ్ళీ మళ్ళీ వచ్చి ఆగేది అడుగున మోగే ఆ స్వరం దగ్గరే.

జాజ్‌లో బేస్ చేసే పనేమిటో తెలియనివారి కోసం కొంచెం వివరించవలసి ఉంది. మనిషి ఎత్తును మించిన ఆ నాలుగు తీగల వాద్యాన్ని కమానుతో వాయించవచ్చు కాని జాజ్‌లో ఎక్కువగా వేళ్ళతో మీటుతారు. అంతకు ముందు వచ్చిన జాజ్‌లో ప్రతి పాటకూ కార్డులనే స్వరాల గుత్తులు ఒక వరుసలో ముందుగానే నిర్ణయమై ఉండేవి. మనోధర్మం చూపే కళాకారుడు ఎంత దూరం పోయినా ఆ వరుస ఎన్నో అక్షరం దగ్గర ఎక్కడికి మారుతుందో బేసిస్టుకు తెలుసు. పట్టాలు ముందే పరచి ఉంటాయి. కోల్మన్ ఆ పట్టాలు తీసివేశాడు. పాట ఏ భావంతో మొదలైందో ఆ భావం వెంట స్వరం ఎటు పోవాలనుకుంటే అటు పోవచ్చునన్నాడు. అలాంటప్పుడు బేసిస్టుకు మిగిలే ఆధారం ఒక్కటే, పక్కవాడు ఈ క్షణంలో ఏం వాయిస్తున్నాడో వినడం. వినీ వినగానే అది ఎక్కడికి పోబోతున్నదో ఊహించి, దాని కింద సరైన స్వరాన్ని అదే క్షణంలో ఉంచాలి. గాయకుడు ముందుగా చెప్పని రాగం ఎత్తుకున్నప్పుడు, మొదటి రెండు సంచారాల్లోనే దాన్ని పట్టుకుని నీడలా వెళ్ళవలసిన వయొలిన్ వాద్యకారుడి పరిస్థితి తెలిసినవారికి ఈ పని ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు. మనకు కనీసం రాగానికి ఆరోహణ, అవరోహణలు ఉన్నాయి, తాళం ఉంది. హేడెన్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. క్రమశిక్షణ లేనివాడు ఆ స్థానంలో రెండు నిమిషాలు నిలవలేడు.

ఈ వినికిడి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించిన ప్రశ్న. చార్లీ హేడెన్ 1937 ఆగస్టు 6న అయోవా రాష్ట్రంలోని షెనన్డోవా అనే చిన్న ఊరిలో పుట్టాడు. వాళ్ళది పాటల కుటుంబం. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి రేడియోలో పల్లె పాటలు, భక్తి గీతాలు పాడేవారు. తల్లి ఒడిలో పెట్టుకుని ఊపుతూ కూనిరాగం తీస్తుంటే, రెండేళ్ళు కూడా నిండని పిల్లవాడు ఆమె పాడుతున్న స్వరాలు కాకుండా వాటికి జతగా నిలిచే వేరే స్వరాలు అందుకున్నాడని, దాంతో ఆమె వాణ్ని రేడియో కార్యక్రమంలోకి తీసుకుందని ఆయన పెద్దయ్యాక తరచు చెప్పుకునేవాడు. పాశ్చాత్య సంగీతంలో దీనిని హార్మనీ అంటారు. ఒకే పాటకు రెండు మూడు గొంతులు వేర్వేరు స్వరస్థానాల్లో పాడుతూ ఒకటిగా వినిపించడం అన్నమాట. మన పద్ధతిలో అది లేదు కనుక మనం దాని లోతును పూర్తిగా గ్రహించకపోవచ్చు. నాకు అర్థమైనంతలో, ఎదుటివారి స్వరాన్ని క్షణం కూడా వదలకుండా వింటేనే ఆ పని సాధ్యమవుతుంది. అంటే ఈ పిల్లవాడు మాటలు సరిగా రాకముందే పక్కవాద్యం నేర్చుకున్నాడు.

పదిహేనో ఏట పోలియో వచ్చింది. 1952లో అమెరికాలో సుమారు 58 వేల మందికి ఆ వ్యాధి సోకింది. ఆ దేశ చరిత్రలో అంతటి విజృంభణ మరెన్నడూ లేదు. దానికి టీకా వచ్చింది 1955లో. మన ఊళ్ళలో నా తరం వారందరికీ కాలు పడిపోయిన ఒక సహాధ్యాయి గుర్తుంటాడు. హేడెన్ విషయంలో వ్యాధి కాళ్ళను వదిలి గొంతును, ముఖాన్ని పట్టుకుంది. ప్రాణం దక్కింది, నడక దక్కింది, కాని స్వరతంత్రులు దెబ్బతిని పాట పోయింది. పాటే ఊపిరిగా పెరిగిన ఇంట్లో పదిహేనేళ్ళ కుర్రవాడికి అది ఎంతటి దెబ్బో ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో అన్నగారి డబుల్ బేస్ ఉంది. అన్న లేనప్పుడు దాన్ని తీసి వాయించడం అంతకు ముందే అలవాటు. గొంతు పోయిన తరవాత అదే గొంతు అయింది. చాలామంది ఆయన గురించి రాసేటప్పుడు గాయకుడు కాలేక బేసిస్టు అయ్యాడన్నట్టు రాస్తారు. నేను దానితో ఏకీభవించను. ఆయన వాయించినవి వినండి. వేగం చూపించే పరుగులు దాదాపు ఉండవు, పై స్థాయిలో విన్యాసాలు ఉండవు. చిన్న చిన్న వాక్యాలు, వాటి మధ్య ఊపిరి తీసుకునే ఖాళీ, ప్రతి స్వరానికీ చివరిదాకా పలికే అవకాశం కనిపిస్తాయి. అది గాయకుడి పద్ధతి. తన వాద్యానికి లోహపు తీగలతో పాటు గొర్రె పేగుతో చేసిన పాతకాలపు తీగలు కూడా కట్టుకున్నది, ఆ నాదంలో చెక్క వాసన, మనిషి గొంతులోని గరగర ఉంటాయనే అనుకుంటాను.

జాజ్ నేర్చుకోవాలన్న కోరికతో ఆయన మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక టెలివిజన్ జానపద సంగీత కార్యక్రమానికి బేస్ వాయిస్తూ ప్రయాణ ఖర్చులు కూడబెట్టాడు. ఓబర్లిన్ అనే ప్రసిద్ధ విద్యాలయం ఉపకార వేతనం ఇస్తామన్నా, అక్కడ జాజ్ బోధన లేదన్న కారణంతో దాన్ని కాదని 1957లో లాస్ ఏంజెలెస్ చేరి, వెస్ట్‌లేక్ అనే చిన్న సంగీత కళాశాలలో చేరాడు. చదువు కంటే రాత్రి కచేరీలే ఎక్కువయ్యాయి. అక్కడే తెల్లని ప్లాస్టిక్ సాక్సఫోన్ పట్టుకుని, వేదిక ఎక్కితే తోటివారు దిగిపొమ్మనే కోల్మన్ కనిపించాడు. దిగిపొమ్మన్నవారికి వినిపించనిది ఏదో హేడెన్‌కు వినిపించింది.

1959 నవంబరులో ఈ నలుగురూ న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో వాయించడం మొదలుపెట్టారు. రెండు వారాల ఒప్పందం రెండున్నర నెలలకు పెరిగింది. ఊరిలోని సంగీతకారులందరూ వచ్చి విన్నారు, సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది మోసమన్నారు. హేడెన్ చెప్పిన ఒక సంఘటన నాకు చాలా ఇష్టం. కళ్ళు మూసుకుని వాయించడం ఆయన అలవాటు. ఒక రాత్రి కళ్ళు తెరిచి చూసేసరికి వేదిక మీద తన ముందు ఒక వ్యక్తి వంగి, బేస్ మీద ఉండే రంధ్రానికి చెవి ఆనించి వింటున్నాడు. ఆ వచ్చినాయన న్యూయార్క్ ఫిల్హార్మనిక్ సంగీత దర్శకుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్. అంత పెద్ద ఆర్కెస్ట్రాను నడిపించే మనిషి ఆ గోలలో ఆధారం ఎక్కడుందో వెతికి, వాద్యంలో చెవి పెట్టాడు. మీ వ్యాసకర్తకు నేను చెప్పదలచింది కూడా అదే. చెవి అక్కడ పెట్టండి.

అదే ఏడాది అక్టోబరులో రికార్డు చేసిన ‘రాంబ్లిన్’ అనే పాటలో బేస్ ఒంటరిగా వాయించే చోట, హేడెన్ ‘ఓల్డ్ జో క్లార్క్’ అనే కొండ ప్రాంతపు ఫిడేలు పాటను తెచ్చి పెట్టాడు. ఆధునికతకు హద్దు అని అందరూ అనుకుంటున్న సంగీతం మధ్యలో ఇంట్లో పాడుకున్న పల్లె పాట అది. ఏదీ వదిలిపెట్టకుండా వెంట తెచ్చుకున్నాడన్నమాట. ఇది తోచింది వాయించడం అయితే, ఆ తోచడం వెనుక ఏళ్ళ తరబడి సాగిన కుటుంబ గానం ఉంది.

ఆయన జీవితంలో మచ్చ లేదని నేను అనడం లేదు. ఆ కాలపు జాజ్ కళాకారులలో చాలామందిని కబళించిన హెరాయిన్ ఆయననూ పట్టుకుంది. 1960లో కోల్మన్ బృందాన్ని వదలవలసి వచ్చింది. 1963లో కాలిఫోర్నియాలో ఒక పునరావాస కేంద్రంలో చేరి బయటపడ్డాడు. తరవాత మళ్ళీ కోల్మన్ దగ్గరికి వచ్చాడు, పియానో కళాకారుడు కీత్ జారెట్‌తో సుమారు పదేళ్ళు వాయించాడు.

బృంద నాయకుడిగా ఆయన చేసిన మొదటి పని 1969లో ఏర్పడిన ‘లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా’. కార్లా బ్లే అనే స్వరకర్త పాటలను కూర్చిపెట్టింది. వియత్నాం యుద్ధం మీద ఆగ్రహంతో పుట్టిన బృందం అది. 1936 నాటి స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్రజాతంత్రవాదులు పాడుకున్న పాటలను తీసుకుని జాజ్‌లో పలికించారు. ఆ రికార్డులో ఒక అంశం వెనుక ఉన్న కథ చెప్పాలి. 1968లో షికాగోలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో యుద్ధ వ్యతిరేక తీర్మానం ఓడిపోగానే, ఆ పక్షం ప్రతినిధులు లేచి నిలబడి, మన బడిపిల్లలు ‘హమ్ హోంగే కామ్యాబ్’ అని హిందీలో పాడుకునే ‘వియ్ షల్ ఓవర్‌కమ్’ పాట అందుకున్నారు. వారి గొంతులు వినిపించకుండా సభలోని వాద్యబృందం హుషారు పాటలు వాయించింది. టెలివిజన్‌లో చూసిన ఆ దృశ్యాన్ని హేడెన్ సంగీతంగా మార్చాడు. బృందాన్ని రెండుగా చీల్చి ఒకదాని మీద మరొకటి వాయించేలా చేశాడు. విననివాడికి అది గోల. విషయం తెలిసి వింటే, ఒక గొంతును మరొక శబ్దం ఎలా తొక్కివేస్తుందో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ శబ్దాల ఒరిపిడిలో ఒక్కటి కూడా అనాలోచితం కాదు.

1971 నవంబరులో కోల్మన్ బృందంతో పోర్చుగల్ వెళ్ళాడు. అప్పటికి అక్కడ నియంతృత్వం. గోవా చేజారి పదేళ్ళే అయింది. ఆఫ్రికాలో మాత్రం అంగోలా, మొజాంబిక్, గినీ బిసావులను పట్టుకుని ఆ ప్రభుత్వం యుద్ధం చేస్తున్నది. కాష్కైష్ పట్టణంలో జరిగిన జాజ్ ఉత్సవంలో హేడెన్ విప్లవకారుడు చే గెవారా మీద తాను కట్టిన ‘సాంగ్ ఫర్ చే’ వాయించబోయే ముందు, ఈ పాటను ఆ మూడు దేశాల విముక్తి ఉద్యమాలకు అంకితం చేస్తున్నానని మైకులో చెప్పాడు. వేల మంది యువకులు లేచి అరిచిన అరుపుల్లో పాట వినిపించలేదట. మరునాడు లిస్బన్ విమానాశ్రయంలో రహస్య పోలీసులు ఆయనను పట్టుకుపోయి గంటల తరబడి ప్రశ్నించారు. అమెరికా దౌత్య కార్యాలయపు అధికారి వచ్చి విడిపించుకు వెళ్ళాడు. ఇంటికి చేరాక సొంత దేశపు ఎఫ్‌బీఐ వారు వచ్చి మళ్ళీ ప్రశ్నించారు. 1974 ఏప్రిల్‌లో పోర్చుగల్ నియంతృత్వం కూలిపోయింది. తరవాతి కాలంలో హేడెన్, అదే పోలీసుల చేతిలో జైలు అనుభవించిన పోర్చుగీసు గిటార్ విద్వాంసుడు కార్లోస్ పరేదెస్‌తో కలిసి ఒక రికార్డు చేశాడు. అందులో ఇద్దరూ ఒకరి మాట ఒకరు తుంచకుండా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

తెలుగువారికి దగ్గరగా వచ్చే సంగతి ఒకటి ఉంది. హేడెన్ 1976లో ‘క్లోజ్‌నెస్’ పేరుతో నలుగురు మిత్రులతో విడివిడిగా జంటగా వాయించి ఒక రికార్డు తెచ్చాడు. అందులో ‘ఫర్ తురియా’ అనే అంశంలో ఆలిస్ కోల్ట్రేన్ హార్ప్ అనే పెద్ద తీగల వాద్యం వాయించింది, హేడెన్ బేస్ వాయించాడు. తురియా అంటే మన తురీయమే. ప్రఖ్యాత సాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ భార్య అయిన ఆలిస్, భర్త మరణానంతరం మొదట స్వామి సచ్చిదానందకు శిష్యురాలై, ఆ తరవాత పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, తురీయసంగీతానంద అన్న పేరు స్వీకరించి, కాలిఫోర్నియాలో ఆశ్రమం నెలకొల్పి భజనలు పాడించింది. హార్ప్ తీగలు పైన జల్లులా కురుస్తుంటే కింద బేస్ ఒక్కొక్క స్వరాన్నే దింపుతూ వెళ్ళే ఆ పాటను నేను తెల్లవారుజామున వింటాను.

ఇక ఆయన అధ్యాపక జీవితం. మీ వ్యాసం మీద నా అభ్యంతరానికి అసలు బలం ఇక్కడే ఉంది. తోచినట్టు వాయించేదాన్ని ఎవరూ పాఠంగా చెప్పలేరు. హేడెన్ చెప్పాడు. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన వెలన్సియాలో ఉన్న కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో 1982లో జాజ్ విభాగాన్ని స్థాపించి, ఏళ్ళ తరబడి బోధించాడు. భారతీయ సంగీతం, ఘానా దేశపు డప్పులు, జావా దీవి కంచు వాద్యాల మేళమైన గామెలన్ ఒకే ప్రాంగణంలో నేర్పే విద్యాలయం అది. అమెరికాలో జాజ్ బోధన అప్పటికి ఎక్కువగా పదిహేను ఇరవై మంది ఉండే పెద్ద బృందాల చుట్టూ, కాగితం మీద రాసిన స్వరాల చుట్టూ తిరిగేది. ఆయన చిన్న బృందాలకు ప్రాధాన్యం ఇచ్చాడు. నలుగురైదుగురే ఉన్నప్పుడు ఎవరూ దాక్కోలేరు. పక్కవాడు ఏం చేస్తున్నాడో వినకపోతే వెంటనే తెలిసిపోతుంది. విద్యార్థి తన గురువులా, తన అభిమాన కళాకారుడిలా వినిపించడాన్ని ఆయన విజయంగా లెక్కించలేదు. ఒక్క స్వరం విని ఇది ఫలానా వాడిదని గుర్తుపట్టగలిగేలా సొంత నాదం వెతుక్కోమనేవాడు. మంచి మనిషి కావడానికి పాటుపడితే మంచి సంగీతకారుడు కావచ్చునని చెప్పేవాడు.

ఈ మాటను సభల్లో పలికే సుభాషితంగా తీసివేయకండి. పక్కవాద్యం వాయించినవారికి దాని అర్థం చాలా కచ్చితంగా తెలుసు. గాయకుడు పొరపాటున స్వరం తప్పితే ఆ తప్పును ఎత్తి చూపేలా వాయించవచ్చు, లేదా తప్పు సభకు తెలియకుండా దారి మళ్ళించవచ్చు. రెండింటికీ కావలసిన విద్య ఒకటే. ఏది చేస్తామన్నది మనిషిని బట్టి ఉంటుంది. నా ముప్ఫై ఏళ్ళలో మొదటి రకం వారినీ చూశాను, రెండో రకం వారినీ చూశాను. హేడెన్ రికార్డుల్లో తోటివారు గొప్పగా వినిపించడం నేను మళ్ళీ మళ్ళీ గమనించాను. డెబ్బై దాటిన పియానో విద్వాంసుడు హ్యాంక్ జోన్స్‌తో కలిసి 1990లలో పాత చర్చి పాటలు వాయించినప్పుడు ఆయన వీలైనంత తక్కువ వాయించి, వీలైనంత ఎక్కువ విన్నాడు.

ఆయన దగ్గర చదువుకున్నవారిలో బేసిస్టు స్కాట్ కాలీ ఉన్నాడు. ట్రంపెట్ వాయించే రాల్ఫ్ అలెస్సీ ఆయన దగ్గర బేస్ కూడా నేర్చుకున్నాడు. ట్రంపెట్ వాద్యకారుడు అడుగు స్వరం నేర్చుకోవాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది. మన గాత్ర విద్యార్థులలో ఎందరు మృదంగ పాఠం చెప్పించుకుంటున్నారు? ఆ విద్యాలయంలోనే 1980లలో రవి కోల్ట్రేన్ చదువుకున్నాడు. అతడు ఆలిస్ కొడుకు, సితార్ విద్వాంసుడు రవిశంకర్ పేరే అతడికి పెట్టారు. తల్లితో జంటగా వాయించిన మనిషి నెలకొల్పిన విభాగంలో కొడుకు విద్యార్థి అయి, ఈ రోజు పేరున్న సాక్సఫోన్ కళాకారుడయ్యాడు. గురుశిష్య సంబంధం అంటే మనం ఒక్క మన దేశానికే చెందినదని అనుకుంటాము.

ఆయన స్థాపించిన మరో బృందం ‘క్వార్టెట్ వెస్ట్’. 1980ల నడుమ మొదలైన ఆ నలుగురి బృందం రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ వెనుకా లాస్ ఏంజెలెస్ నగరపు సినిమాలనూ పాటలనూ తలచుకుంటూ మెత్తగా, ప్రేమగా వాయించింది. విప్లవ గీతాలు వాయించిన మనిషి పాత ప్రేమ పాటలు వాయించడమేమిటని కొందరు విమర్శకులు అడిగారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. గిటార్ కళాకారుడు పాట్ మెథీనీతో కలిసి 1997లో తెచ్చిన మిస్సోరి జ్ఞాపకాల రికార్డుకు గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది. తరవాత మరికొన్ని గ్రామీలు, 2012లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఇచ్చే జాజ్ మాస్టర్ గౌరవం, ఆ మరుసటి ఏడు గ్రామీ వారి జీవిత సాఫల్య పురస్కారం లభించాయి.

ఇంతగా వినడం మీదే బతికిన మనిషికి చెవులే జబ్బుపడ్డాయి. నిరంతరం చెవిలో హోరు, పెద్ద శబ్దాన్ని భరించలేని బాధ. వేదిక మీద తన చుట్టూ పారదర్శకమైన పలకలు నిలబెట్టుకుని, చెవుల్లో బిరడాలు పెట్టుకుని వాయించేవాడు. డ్రమ్స్ శబ్దం తగ్గించుకోవడానికి అడ్డం పెట్టుకున్న ఆ పలకల వెనుక నుంచే పక్కవారిని వింటూ ఉండేవాడు. చివరి రోజుల్లో పదిహేనో ఏటి పోలియో తాలూకు బలహీనత తిరగబెట్టింది. వేదికకు దూరమయ్యాడు. 2014 జూలై 11న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 76 ఏళ్ళు. మన దేశం పోలియో నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది ఆ ఏడాది మార్చిలోనే.

మరణానికి ఆరేళ్ళ ముందు, 2008లో, తన ముగ్గురు కవల కుమార్తెలు, కొడుకు, భార్య, మిత్రులతో కలిసి చిన్ననాటి పల్లె పాటలన్నీ ‘రాంబ్లింగ్ బాయ్’ పేరుతో రికార్డు చేశాడు. రెండేళ్ళ వయసులో రేడియోలో తాను పాడిన పాట ముక్క కూడా అందులో చేర్చాడు. చివర ‘ఓ షెనన్డోవా’ అనే పాత జానపద గీతాన్ని స్వయంగా పాడాడు. ఆ గొంతు సన్నగా, బొంగురుగా, అక్కడక్కడ విరిగినట్టు ఉంటుంది. శ్రుతి మాత్రం చెక్కు చెదరదు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో ‘లోన్లీ వుమన్’ అడుగున మోగించిన నాదాన్నీ, డెబ్బై ఏళ్ళ ఈ గొంతునూ వెంట వెంట వింటే రెండూ ఒకే మనిషివని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

లేఖ పొడవైంది, మన్నించగలరు. నా విన్నపాలు రెండు. ఫ్రీ జాజ్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యాన్ని తదుపరి సంచికలో సవరించవలసిందిగా కోరుతున్నాను. అలాగే మీ అనుబంధంలో జాజ్ గురించి గాని, మన కచేరీల గురించి గాని ఇకమీదట రాయించినప్పుడు, ముందు నిలబడి ఊదినవారి, పాడినవారి పేర్లతో పాటు బేస్, మృదంగం, వయొలిన్, ఘటం వాయించినవారి పేర్లను కూడా అంతే పరిమాణంలో అచ్చు వేయించగలరు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వయొలిన్ అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం